పుల్ల షాట్

గూటి ఫొటో తియ్యడం తప్పు. ఈ మాట మన పక్షుల ఫొటోగ్రాఫర్లందరికీ కంఠతా వచ్చు. గూడు కనబడితే చాలా పోటీల్లో ఆ ఫొటో పక్కన పడేస్తారు కూడా. అందుకని మనవాళ్ళు గూటి ఫొటో తియ్యరు. గూటికి పుల్ల మోసుకెళ్ళే గద్ద ఫొటో తీస్తారు. గూడు ఫ్రేములో ఉండదు, ఫ్రేముకి జానెడు అవతల ఉంటుంది. ఏకాదశి ఉపవాసమని అన్నం మానేసి అరడజను పెసరట్లు లాగించినట్టు.

పోయిన మాఘంలో ఒక ఆదివారం అలాంటి ఏకాదశికి నేనూ వెళ్ళాను. శంకరపల్లి వైపు ఒక బీడు, అందులో ఒంటి తుమ్మచెట్టు, దానిమీద అడవి రామదాసుల జంట. కాకి కన్నా కాస్త చిన్న గద్ద. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, భుజాల మీద నల్లమచ్చ, నిప్పుకణికల్లాంటి కళ్ళు. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, పొలంలో ఎలుక కదిలితే దిగుతుంది. రైతుని కూలి అడగని పనివాడు.

చెట్టుకి ఇరవై అడుగుల్లో నాలుగు కార్లు, తొమ్మిదిమంది. అందరివీ ఆకుపచ్చ మచ్చల చొక్కాలే. అడవిలో కలిసిపోవడానికట. తెల్లకారుకి ఆనుకుని నిలబడి కలిసిపోతున్నారు.

పక్షి ఒక ఎండుకొమ్మ మీద వాలి, సన్నపుల్లని ముక్కుతో పట్టి మెలిపెట్టింది. విరగలేదు. కాలితో తొక్కిపెట్టి మళ్ళీ లాగింది. టక్కుమంది. ఆ పుల్లతో తుమ్మచెట్టు దాకా వచ్చేసరికి తొమ్మిది కెమెరాలూ కుట్టుమిషన్లలా మోగాయి. పక్షి వాలలేదు. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, పుల్ల జారవిడిచి ఎటో పోయింది.

"ఛ, పుల్ల చివర కట్టయిపోయింది. మళ్ళీ తెస్తుందిలెండి" అన్నాడొకాయన, ఫ్లాస్కులో టీ వొంపుకుంటూ. ఆయన అడ్వాన్సిచ్చి మాట్లాడుకున్న మేస్త్రీ మరి!

పిల్లలు బయటికొచ్చాక గూడు వదలడం పక్షికి కష్టం. పుల్లలు పేర్చే రోజుల్లో అయితే చాలా తేలిక, అప్పటికి పెట్టుబడి నాలుగు పుల్లలేగా. గుడ్లు లేవు కాబట్టి ఫరవాలేదని మనవాళ్ళు ఎంచుకున్న ముహూర్తమే అన్నిటికంటే చెడ్డది.

"మేం షూట్ చేసేది కెమెరాతోనే కదండీ" అన్నది ఇంకో డైలాగు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏమిటో రెండో సెక్షన్లో రాశారు. చంపడం, పట్టడంతో పాటు పక్షుల గుడ్లనీ గూళ్ళనీ కదిలించి ఇబ్బందిపెట్టడం కూడా అందులో ఉంది. తుపాకీ పట్టిన నవాబు చచ్చిన పులి మీద కాలుపెట్టి ఫొటో దిగి ఇంటికి పోయేవాడు. మనవాళ్ళు నలభైమందికి లొకేషన్ పంపించి మరీ పోతారు.

నిజంగా పుల్ల షాటే కావాలంటే హైదరాబాద్‌లో చెత్తకుప్పల మీద నల్లగద్దలకి కరువా? గూటికి దూరంగా, లారీల రొదలో, మనిషిని ఖాతరు చెయ్యకుండా గుడ్డపీలికలూ పాలిథిన్ సంచులూ ఏరుకుంటాయి. స్పెయిన్‌లోని డోన్యానాలో ఈ గద్దల మీదే చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. అవి తెల్లప్లాస్టిక్‌తో గూడు అలంకరిస్తాయనీ, బలమైన జంటలే ఎక్కువ అలంకరిస్తాయనీ తేలింది. అంటే అది గద్ద గుమ్మానికి కట్టుకున్న తోరణం. ఇంతకన్నా మంచి ఫొటో ఏముంటుంది? కానీ మా మిత్రుడొకాయనకి వద్దు. "గులాబీరంగు క్యారీబ్యాగు నేచురల్‌గా ఉండదండీ" అన్నాడు. పన్నెండు లక్షల లెన్సుకి మట్టిరంగు పుల్లే కావాలి.

తర్వాతి ఆదివారం అటువైపు పనిబడి ఆ బీడు దగ్గర ఆగాను. రామదాసుల జాడ లేదు. తుమ్మచెట్టు మీద గూడు అరచేతంత మిగిలింది. దానిమీద ఒక కాకి కూర్చుని ఒక్కో పుల్లా పీకి, తీరిగ్గా మోసుకుపోతోంది. కళ్ళముందే నాలుగు ట్రిప్పులు వేసింది. వెలుతురు కూడా బాగుంది. బీడులో ఒక్క కారూ లేదు.