పట్టు తప్పింది నేను కాదు: ఒక కారు టైరు ఆత్మకథ

నా పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. రబ్బరు, కార్బన్ పొడి, ఉక్కు తీగెలు, గంధకం, బోలెడు వేడి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టకపోతే ఎండకు జిగురై, చలికి పెళుసై ఎందుకూ పనికిరాకుండా పోయేదాన్ని. నా పక్కన 2318 అని అచ్చు ఉంటుంది. 2018వ సంవత్సరం, 23వ వారం అని అర్థం. నన్ను వాడుకున్నవాళ్లలో దాన్ని చదివినవాడు లేడు.

చెన్నైలో ఓడెక్కి, మూడు రోజులు సముద్రం మీద ఊగి, పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా టాక్సీల వాళ్ల నోట మాత్రం ఇంకా పాత పేరే నడుస్తోంది. అండమాన్‌లో ఎందరో తెలుగువాళ్లలాగే నా యజమానిదీ సిక్కోలు వైపు. నన్ను ముందు కుడి చక్రానికి తొడిగించాడు. ముందు చక్రాలతో లాగే కారులో ఆ స్థానం చిన్నదేమీ కాదు. లాగాలి, తిప్పాలి, బ్రేకు భారంలో ఎక్కువ పాలు మోయాలి. అందుకే ముందు టైర్లు తొందరగా అరుగుతాయి. ఏళ్లు గడిచినా నన్ను వెనక్కి మార్చాలన్న ఆలోచన మా ఆసామికి రాలేదు.

కొత్తలో నా దర్జా చూడాల్సింది! గాళ్ల లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. తెల్లవారకముందే టూరిస్టులను ఎక్కించుకుని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడేవాళ్లం. గేటు తీశాక కాన్వాయ్‌గా జరావా ఆదివాసుల అడవి గుండా ప్రయాణం. ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఆ రోడ్డు చివర మిడిల్ స్ట్రెయిట్‌లో ఫెర్రీ ఎక్కాలి. ఉప్పునీళ్లు, బురద కలిసిన ఇనుప ర్యాంపు అది. కొందరు డ్రైవర్లు యాక్సిలరేటరు తొక్కి చక్రాన్ని గిర్రున తిప్పుతారు. ఉన్నచోటే గిర్రున తిరిగే చక్రానికి పట్టు సరిగా దొరకదు. మావాడు మొదటి గేరులో మెల్లగా ఎక్కించేవాడు. పనితనం తెలిసినవాడే, ఆ మాట ఒప్పుకోవాలి.

అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా వదలదు. నేను నేలను తాకేది అరచేయంత మేరలోనే. అక్కడ చేరిన నీటిని గాళ్లలోంచి పక్కలకు తోసి, రబ్బరును తారుకు తాకించడమే నా ఉద్యోగం. తోయలేనినాడు నీటి మీద తేలతాను. అప్పుడు స్టీరింగు తిప్పినా కారు తిరగదు.

ఒకరోజు ర్యాంపు దగ్గర ఫెర్రీ కోసం ఆగినప్పుడు కెనడాలో ఉన్న మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. "మావయ్యా, మా క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా నాలుగు చక్రాలకీ చలికాలం టైర్లే ఉండాలి. లేకపోతే ఫైనే" అన్నాడు. మావాడు నవ్వాడు. "మాకు మంచూ నేదు, గొడవా నేదు. ఒకటే టైరు, అరిగినంతకాలం తిరుగుతాది."

నాకు నోరుంటే అప్పుడే జవాబు చెప్పేదాన్ని. నాబోటి మామూలు టైరు 7 డిగ్రీల కిందికి చలి దిగితే బిగుసుకుపోతుంది. ఆ దేశపు నా చుట్టాలకు సిలికా కలిపిన మెత్తని రబ్బరు వాడతారు. చలిలోనూ అది సాగుతుంది. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉంటుంది. వాటి గాళ్లు మంచును కూరుకుని పట్టుకుంటాయి. మంచుకు మంచే అతుక్కుంటుంది కాబట్టి పట్టు అక్కడే దొరుకుతుంది. గడ్డకట్టిన ఐసు వేరు. దాని పైన పల్చని నీటి పొర ఉంటుంది, జారుడంతా అక్కడే. ఆ టైర్లు ఒంటినిండా ఉన్న సన్నని చీలికలతో ఆ నీటిని తుడిచి, అంచులతో ఐసును కరుస్తాయి. మరీ గడ్డు చోట్ల ఇనుప మేకులు దిగ్గొడతారు, కొండ దారుల్లో గొలుసులు చుడతారు. వాటిని ఇక్కడికి తెస్తే ఈ ఎండకు ఆ మెత్తని రబ్బరు ఇట్టే అరిగిపోతుంది. ఎక్కడి టైరు అక్కడే. కానీ ఐసు మీదా, అండమాన్ వానలోనూ మా శత్రువు ఒక్కటే: రబ్బరుకూ నేలకూ మధ్య దూరే నీరు.

నా గాళ్లు అరిగాయి. పట్టు పెరుగుతుందని ఎవరో చెబితే మావాడు నాలో గాలి తగ్గించాడు. ఇసుకలో ఆ చిట్కా పనిచేస్తుంది. తడి తారు మీద గాలి తగ్గితే నా నడుము లోపలికి వంగుతుంది, గాళ్లు మూసుకుంటాయి. ఒత్తిడి తక్కువైన చక్రం తక్కువ వేగానికే నీటి మీద తేలుతుందని విమానాల టైర్ల మీద 1960లలోనే నాసా తేల్చింది. ఆ తర్వాత ఇంకో ఘోరం. కొత్తది కొనే బదులు, వేడి కత్తితో నా ఒంటి మీద కొత్త గాళ్లు కోయించాడు. ఇంకొంచెం దిగి ఉంటే ఉక్కు తీగెలు బయటపడేవి.

చివరికి ఒక వానలో, పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారు వైపు దిగే వాలులో, బ్రేకు వేస్తే కారు ఆగలేదు. ముందున్న ఆటోకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఏబీఎస్ ఉన్న బండి అని గొప్పలు చెప్పేవాడు. చక్రం బిగుసుకుపోకుండా చూడటమే దాని పని, లేని పట్టును అది పుట్టించలేదు. దిగి, ఆటో అతనితో ఏమన్నాడో తెలుసా? "టైరు పట్టు తప్పిందన్నా." ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

కొన్నాళ్లు స్టెప్నీగా డిక్కీలో మగ్గాను. అక్కడా గాలి చూసేవాడు లేడు. ఆ తర్వాత ఇంటి వెనక కొబ్బరిచెట్టు కింద పారేశారు. దీవికి వచ్చేటప్పుడు ఓడ ఉంది, తిరుగు టికెట్టు కొనేవాడు లేడు. తోటి టైర్లలో కొన్ని జెట్టీల దగ్గర పడవల తాకిడిని కాచుకుంటున్నాయి. వాటికి ఇంకా గౌరవం ఉంది. నాకు మిగిలింది వాననీరు. నన్ను ఎటు పడేసినా నా మడతలో నీళ్లు నిలుస్తాయి. ఏడిస్ దోమకు అంతకన్నా సుఖమైన పురిటిగది లేదు. దాని గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఈ దీవులు 2006లో చికున్‌గున్యాతో మూలిగాయి. రోడ్డు మీద నీటిని తరిమినదాన్ని, ఇప్పుడు అదే నీటిని పొట్టలో పెట్టుకుని దోమలను పోషిస్తున్నాను. జనాన్ని క్షేమంగా చేర్చినదానికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

అరిగిన టైర్లను మళ్లీ వాడుకలోకి తెచ్చే బాధ్యతను 2022లో కేంద్రం తయారీదారుల మీద పెట్టింది. ఇంటి వెనక పడి ఉన్న నన్ను ముందు ఎవరో ఒకరు బయటికి తేవాలి కదా! అందుకని అయ్యలారా, అమ్మలారా, వానలు మొదలయ్యే ముందు ఒక్కసారి వంగి మీ టైరు చూడండి. గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు వాటి మట్టానికి దిగకముందే మార్చండి. టైరు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత గాలి పెట్టించండి. పాతదాన్ని పెరట్లో పారేయకుండా కొత్తది కొన్న షాపుకే అప్పగించండి. అది కుదిరేదాకా కనీసం నీళ్లు నిలవకుండా కప్పు కింద పెట్టండి.