సంత ముందు హంస: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పీఠిక

మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. కాళిదాసు దొరికినవాడికి అలాంటి ప్రతిజ్ఞలు చెల్లుతాయి. ఇక్కడ పద్యమూ మాదే, టీకా మాదే. కనుక మూలంలో ఉన్నదాని కంటే లేనిదే ఎక్కువ రాస్తాం.

కావ్యస్థలం మరైగూడ. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా, కోంటా బ్లాకు. తెలంగాణలోని దుమ్ముగూడెం వైపు నుంచి చూస్తే పొరుగూరు, రాయ్‌పూర్ నుంచి చూస్తే రాష్ట్రానికి అంచు. కథాకాలం రేపు. అనగా సంత పక్కన దుకాణాల సముదాయం లేచి, దాని ముందు ఒక కళాఖండం ఉంటే బాగుంటుందని పైవారికి తోచబోయే రోజు.

మూలం

సంత పక్క కొత్త షాపులు కట్టిరి
బోర్డు పెట్టిరింక బొమ్మ యేది?
సారు మెచ్చినట్టి సైజైన హంసయా?
ఊరివారి నడిగిరొక్కరైన?

ప్రతిపదార్థం

సంత పక్క = ఇప్పపువ్వు, చింతపండు, సారపలుకులు తట్టల్లో దిగి, ఉప్పూ నూనే బట్టా అయి ఇళ్లకు మళ్లే చోటికి ఆనుకొని; కొత్త = రంగు వాసన ఇంకా పోని; షాపులు = షట్టర్లున్న గదులు (నేల మీద గోనెపట్టా పరిచేవారికి వీటి అద్దె అందదని వ్యంగ్యం); కట్టిరి = నిర్మించిరి. ఇచట కర్త లోపించినాడు. ఇది సర్కారీ ప్రయోగం. పని కుదిరితే కర్త శిలాఫలకం మీద కనబడును, కుదరకపోతే ఎందులోనూ కనబడడు.

బోర్డు పెట్టిరి = పథకం పేరు, అంచనా మొత్తం రాయించిరి; ఇంక = పద్యానికి ఆయువుపట్టు ఈ రెండక్షరాలే. నిధులు కొంత మిగిలిన పిమ్మట అని భావము, మార్చి నెల అని ధ్వని. బొమ్మ ఏది = కళ ఎక్కడ?

సారు = వ్యక్తి కాదు, పదవి. మనిషి బదిలీపై వెళ్లినా అభిరుచి కుర్చీలోనే ఉండిపోవును. మెచ్చినట్టి = వేరే పట్నపు పార్కులో చూసి ముచ్చటపడిన; సైజైన = కళను అడుగుల్లో కొలవవలెనను మతం ప్రకారం తగినంత ఎత్తుగల; హంసయా = సిమెంటుతో పోసి తెల్లరంగు వేసి, ముక్కులో నీటిగొట్టం అమర్చిన పక్షియా? పాలనూ నీళ్లనూ విడదీయునది పురాణహంస. అంచనానూ బిల్లునూ విడదీయునది ఈ హంస.

ఊరివారిన్ = కోయలను, దోర్లలను, కొట్టు నడుపుకొనే తెలుగువారిని; అడిగిరి ఒక్కరైన = ఇచట వ్యాఖ్యాతలు రెండుగా చీలిరి. అడిగినవారిలో ఒక్కరైనా అని ఒక పక్షం, అడగబడినవారిలో ఒక్కరైనా అని మరొక పక్షం. లెక్క ఎటు వేసినా ఫలితం సున్న గనుక వివాదం అనవసరం.

యతి: నాలుగో పాదంలో ఊ, ఒ లకు మైత్రి కుదిరింది. మూడో పాదంలోని సారుకూ నాలుగో పాదంలోని ఊరికీ కుదరలేదు.

తాత్పర్యం

సంత పక్కన అంగళ్లు కట్టి, ముందు బొమ్మ పెట్టబోయే మహాశయులారా, రోజూ ఆ బొమ్మను చూడబోయేవారిని ఒక్కమాట అడిగారా?

పూర్వపక్షాలు, సమాధానాలు

హంస అందమైనది గదా, దోషమేమి? దోషం హంసలో లేదు, అచ్చులో ఉంది. ఒకే అచ్చు, ఏ ఊళ్లోనైనా అదే మెడవంపు. పక్షే కావాలంటే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షి బస్తర్ కొండమైన ఉంది. కాంగేర్ లోయ జాతీయవనం దాని నెలవు. పైగా అది మనిషి మాటను అనుకరిస్తుంది. ఊరివారు ఏమన్నారో అదైనా తిరిగి చెబుతుంది.

పోనీ, ‘ఐ లవ్’ అని మూడు రంగుల దీపాక్షరాలు పెట్టి కింద ఊరిపేరు వేద్దామా? ప్రేమ ఉత్తమపురుషలో ఉంది గాని, ఆ పురుషుడెవరో తెలియదు. ఊరివారైతే చెప్పనక్కరలేదు. సెల్ఫీ దిగి వెళ్లిపోయేవారైతే చెప్పినా నిలవదు.

అయితే విల్లంబుల బొమ్మో, కొమ్ముల తలపాగాతో డోలు వాయించే బొమ్మో పెడదాం, ఆదివాసీ ప్రాంతం కదా? ఈ దోషం హంస కంటే సూక్ష్మం. కొమ్ముల తలపాగా బస్తర్‌లో దండామి మాడియాల నాట్యానిది. జిల్లాలో అన్ని తెగలనూ ఒకే తలపాగా కింద దూర్చడం మొదటి తప్పు. ఊరివాళ్ల బొమ్మను ఊరివాళ్లకే చూపి మురవమనడం రెండో తప్పు. అది దారినపోయే అతిథి కోసం పెట్టిన బొమ్మ.

విశేషాంశాలు

బస్తర్‌లో బహిరంగకళ టెండర్లతో పుట్టలేదు. పోయినవారి పేర నిలిపిన రాళ్లూ, పిట్టలనూ జంతువులనూ చెక్కిన కొయ్యస్తంభాలూ బాటల పక్కనే ఉంటాయి. దంతేవాడ దగ్గర గామేవాడ నిలువురాళ్లు వాటిలో పేరుపడ్డవి. ఎవరి జ్ఞాపకమో, ఎందుకు నిలిపారో ఊరికి తెలుసు గనుక వాటికి శిలాఫలకం అక్కరలేదు.

లోహం కావాలంటే కొండగావ్ ఉంది. గఢ్వా పనివారు మట్టిబొమ్మ చేసి, దానిమీద తేనెమైనం తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే పైమట్టిని పగలగొట్టాల్సిందే. కనుక ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకటి కావు. ఆ ఊరి జైదేవ్ బఘేల్ ఢోక్రా అనే ఈ పనితనాన్ని దేశాంతరాలకు చేర్చాడు. బస్తర్ ఢోక్రాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఆదిలాబాద్ డోక్రాకు 2018లో వచ్చింది. ఢిల్లీ డ్రాయింగు రూముల్లో బల్లమీద కూర్చునే కళ, పుట్టిన సీమలో అంగడి ముందుకు వచ్చేసరికి సిమెంటు హంసకు చోటివ్వవలసి రావడం ఏ అలంకారశాస్త్రానికీ అందని విషయం.

అడగకపోతే ఏమవుతుందో పెద్దపట్నాలకూ అనుభవమే. న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు 1981లో రిచర్డ్ సెర్రా చేత నూటఇరవై అడుగుల ఉక్కుగోడ పెట్టించారు. ఆయన గొప్ప శిల్పి, సందేహం లేదు. కాని రోజూ ఆ ఆవరణ దాటే ఉద్యోగులకు దారి అడ్డమైంది. బహిరంగ విచారణ జరిగి 1989 మార్చిలో దాన్ని కోసి తీసేశారు. అదే ఏడాది డిసెంబరులో ఆర్తురో ది మోదికా అనే శిల్పి ఎవరి అనుమతీ లేకుండా, రాత్రికి రాత్రి స్టాక్ ఎక్స్ఛేంజి ముందు కంచు ఆబోతును దింపిపోయాడు. అధికారులు ఎత్తుకుపోయారు. జనం మాకు కావాలన్నారు. దగ్గర్లోనే దానికి చోటు దొరికింది, ఇప్పటికీ ఉంది. సర్కారు కోరి పెట్టించినది పోయింది, ఎవరూ కోరనిది నిలిచింది. రెండుచోట్లా దారిన నడిచేవారు నోరు విప్పారు.

తెలుగువారికి ఈ పాఠం హుస్సేన్‌సాగర్ గట్టుమీదే ఉంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం టాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు నిలిపింది. వెలుగుల జాబితాలో తమవారు ఎందరని తెలంగాణ అడిగింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు కొన్ని విగ్రహాలు నేలకూలాయి. కూల్చడాన్ని మేం సమర్థించం. జాబితా రాసేనాడే తలెత్తవలసిన ప్రశ్న పాతికేళ్లు ఆలస్యంగా వచ్చిందని మాత్రం అంటాం.

సిద్ధాంతం

మరైగూడలో అడగడం మర్యాద మాత్రమే కాదు, విధి. సుక్మా రాజ్యాంగపు అయిదో షెడ్యూలు ప్రాంతం. అలాంటి ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం అక్కడి ప్రజల సంప్రదాయాలనూ సాంస్కృతిక గుర్తింపునూ కాపాడుకొనే సామర్థ్యం గ్రామసభకు ఉందని చెప్పింది. గ్రామసంతలను ఏ పేరుతో పిలిచినా, వాటి నిర్వహణ అధికారం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలంది. ఛత్తీస్‌గఢ్ 2022లో దీనికి నియమావళి కూడా ప్రకటించింది. సంత ఊరిది, గుర్తింపు ఊరిది, నడుమ వెలిసే బొమ్మ మాత్రం సారుదనడం శాస్త్రవిరుద్ధం.

ఫలశ్రుతి

అంచనా వేయకముందే ఈ టీకాను చదివిన ఇంజనీరుకు హంసదోషం అంటదు. వేశాక చదివినవారికి ప్రాయశ్చిత్తం ఒక్కటే: కోయలో, తెలుగులో, హల్బీలో చెప్పించి గ్రామసభను కూర్చోబెట్టండి. సంతకు తట్ట మోసుకొచ్చే ఆడవాళ్ల మాట ముందు వినండి. ఇత్తడి కావాలంటే కొండగావ్ పనివాడికి గిట్టుబాటు ధర ఇచ్చి, కింద అతని పేరు చెక్కించండి. బొమ్మ వద్దు, కూర్చోను నీడా తాగను నీళ్లూ చాలంటే అదే రాసుకోండి. ఆ తీర్మానం పుస్తకంలోకి ఎక్కాకే టెండరు పిలవండి.