చార్జ్‌బ్యాక్ దొరవారికి పినపాక తేనెవాడి అర్జీ

మహారాజశ్రీ చార్జ్‌బ్యాక్ విభాగాధిపతి దొరవారి సముఖానికి,

పినపాక మండలం, ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు నుంచి తేనె అమ్ముకునేవాడు రాసుకునే బహిరంగ అర్జీ.

అయ్యా,

తమరి పేరు నాకు తెలియదు, తమరి ఊరూ తెలియదు. తమరి మెయిలు అడుగున "ఇది యంత్రం పంపిన సందేశం, దీనికి జవాబివ్వకండి" అని ఉంటుంది. ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే డబ్బు పోతుందని దాని పైవాక్యంలోనే ఉంటుంది. రెండింట్లో ఏ మాట వినాలో తేలక ఇలా నలుగురిలో రాస్తున్నాను.

మాది కోయగూడెం. మా మామ చెట్టెక్కి పొగబెట్టి పెర తేనె తీస్తాడు. అమ్మా చిన్నమ్మా వడగట్టి సీసాలకెత్తుతారు. నేను ఫోన్లో అమ్ముతాను. ఎండాకాలం ఇప్పపువ్వు లడ్డూలు కూడా ఉంటాయి. అడవిలో తేనె తెచ్చి అమ్ముకునే హక్కు మాకుందని 2006 అటవీ హక్కుల చట్టం రాసిచ్చింది. అమ్మగా వచ్చిన డబ్బును నా ఖాతాలోనే ఉంచుకునే హక్కు ఏ చట్టంలో ఉందో ఇంకా వెతుకుతున్నాను.

కార్డుతో కొన్నవాడు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బును నా ఖాతాలోంచి వెనక్కి లాగే తమరి మొదటి తాఖీదు సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చింది. నాలుగు సీసాలు, 2,600 రూపాయలు. పక్కన 13.3 అని ఒక అంకె. ఏజెన్సీలో పుట్టినవాడికి అంకెల చట్టాలు కొత్త కాదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టమంటే మా దగ్గర బడికి పోని ముసలమ్మకూ తెలుసు. ఈ 13.3 మాత్రం ఏ గ్రామసభలోనూ చదివి వినిపించలేదు. నలుగురినీ అడిగితే తేలిందేమిటంటే, వీసా కార్డుల వారి లెక్కలో 13.1 అంటే సరుకు అందలేదని, 13.3 అంటే చెప్పినట్టు లేదని, 10.4 అంటే అసలు కొన్నది నేను కాదని. 

కొన్నాయన ఢిల్లీలో ఉంటాడు. జనవరి చలికి తేనె గడ్డకట్టింది. చక్కెర పాకం అంటగట్టారని బ్యాంకుకు రాశాడు. తేనెలో ఉన్న గ్లూకోజు చలికి పలుకులు కడుతుంది, గోరువెచ్చటి నీళ్లలో సీసా పెడితే కరిగిపోతుంది. గడ్డకట్టినంత మాత్రాన కల్తీ కాదు, స్వచ్ఛమైనదని చెప్పడానికీ వీల్లేదు. ఇది మా ఇంట్లో పిల్లలకు తెలుసు, ఢిల్లీలో ఎలా తెలుస్తుంది? నేను రుజువు కింద మామ చెట్టుమీద ఉన్న ఫోటో పంపాను. "సంబంధం లేని పత్రం" అన్నారు. మామకు ఆ మాట ఇంతవరకు చెప్పలేదు.

మా గూడెంలో తగవొస్తే పటేలు దగ్గరికి పోతాం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతాడు. ముందే ఇద్దరిచేతా ధరావతు కట్టిస్తాడు. తప్పెవరిదో తేలేదాకా ఆ డబ్బు మధ్యవాళ్ల దగ్గర ఉంటుంది. తమరి పంచాయితీలో ధరావతు నేనొక్కణ్నే కడతాను, అదీ నన్నడక్కుండా నా ఖాతాలోంచే లాక్కుంటారు. అవతలివాడి డబ్బు అవతలివాడికి చేరిపోతుంది, నాలుగు సీసాలూ అతని అలమరాలోనే ఉంటాయి. నేను గెలిచినా తగవు ఫీజు వాపసు రాదు. అయితే ఒక మాట నిజం చెప్పాలి. 13.3 పెట్టేవాడు ముందు సరుకు తిరిగివ్వబోయి ఉండాలని వీసా నియమం ఉందట. నాకది ఆలస్యంగా తెలిసింది. తెలిసినా లాభం లేకపోయేది. ఆయన తిరిగిద్దామనుకున్నా ఎక్కడికి పంపాలో నా సైటులో లేదు. వాపసు మాటే రాయలేదు నేను. సంతలో ఎవడైనా రాస్తాడా అనుకున్నాను. సంతలో వచ్చే వారం అదే చెట్టు కింద దొరుకుతాం కాబట్టి రాయనక్కర్లేదు.

ఇప్పుడు సీసా మీద మూడు భాషల్లో రాసి ఉంది: చలికి గడ్డకడుతుంది, ఇలా కరిగించుకోండి, నచ్చకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి. సైటులో గడ్డకట్టిన సీసా ఫోటోయే ముందు పెట్టాను. చూసి కొనేవాళ్లు కొద్దిగా తగ్గారు, కొని తిట్టేవాళ్లు బాగా తగ్గారు.

రెండో తాఖీదుకు సిగ్గుపడాల్సింది నేనే. న్యూజెర్సీలో ఉన్న ఒకావిడ ఖమ్మంలో వాళ్ల అత్తగారింటికి తేనె పంపించింది. నెల తిరిగాక 10.4 పడింది. నేనెప్పుడూ ఈ కొట్లో కొనలేదంది. ఆమె స్టేట్‌మెంటులో ఉన్న పేరు మా అన్న చెప్పుల కొట్టుది! కార్డు డబ్బులు నాకు చేర్చే గేట్‌వే ఖాతా తెరిచేటప్పుడు నాకు కాగితాలు లేవు, అన్నవి పెట్టాను. తేనె తిన్న మనిషి బిల్లులో పాదరక్షలు కనిపిస్తే బ్యాంకుకు ఫోన్ చేయక ఏం చేస్తుంది? నేనైనా అదే చేద్దును. ఇప్పుడు ఖాతా నా పేరు మీదకు మార్చాను. ఆర్డరు అందుకోగానే వెళ్లే మెయిల్లో "మీ స్టేట్‌మెంటులో ఈ పేరు కనపడుతుంది" అని మొదటి వాక్యమే రాస్తున్నాను.

మన దేశపు కార్డయితే ఆ తగవు నా నెత్తిన పడేది కాదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు రెండో తాళం ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి పెట్టింది. ఓటీపీ కొట్టాక "నేను కొనలేదు" అంటే మామూలుగా ఆ భారం కార్డిచ్చిన బ్యాంకుది. బయటి దేశపు కార్డులు చాలావాటికి ఆ తాళం పడదు. అందుకే విదేశీ కార్డుతో పెద్ద ఆర్డరొస్తే పార్సిల్ కట్టేముందు ఒక వాట్సాప్ సందేశం పెడుతున్నాను. దొంగ కార్డువాడు జవాబివ్వడు, అసలు మనిషి అడవి ఎలా ఉందని అడుగుతాడు.

ఓటీపీ అన్నిటికీ మందనుకున్నాను కానీ 13.1కి పనికిరాదు. బెంగళూరు కొడుకు కొత్తగూడెంలో తల్లికి రెండు సీసాలు పంపాడు, ఓటీపీ కొట్టే పంపాడు. తల్లి అందుకుని చీమలు పడతాయని బియ్యం డబ్బాలో దాచింది, కొడుక్కి చెప్పలేదు. కొడుకు అందలేదని పెట్టాడు. కొరియర్ కాగితం మీద సంతకం గీత లాగా ఉంది. పండక్కి ఇంటికొచ్చాక బియ్యం కొలుస్తుంటే సీసాలు బయటపడ్డాయట. పాపం, ఫోన్ చేసి మరీ చెప్పాడు, డబ్బు కూడా పంపాడు. స్పీడ్ పోస్టులో 2025 అక్టోబర్ 1 నుంచి ఓటీపీ చెప్పించుకుని పార్సిల్ చేతికిచ్చే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు ఎవరికి అందిందో గీత చూసి జ్యోతిషం చెప్పనక్కర్లేదు.

మాలాంటివాడికి ఇంకో చిక్కుంది. నాకు నెలకు నలభై ఆర్డర్లు. ఒక్క తగవొస్తే రెండున్నర శాతం. యంత్రం నన్ను ఎర్రరంగులో చూపిస్తుంది. లక్ష ఆర్డర్ల కంపెనీకి ఒక్క తగవంటే దోమకాటు, నాకు మలేరియా.

కొన్నవాడికి రక్షణ ఉండొద్దని నేననడం లేదు. మా గూడెంలోనే కరెంటు బిల్లు కట్టలేదని ఫోన్ చేసి ఒకాయన ఖాతా ఊడ్చేశారు. అలాంటి మోసాన్ని మూడు పని దినాల్లోపు చెబితే, తన తప్పు లేనివాడికి నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. క్రెడిట్ కార్డు బిల్లు మీద తగవు పెట్టుకునే హక్కు అమెరికాలో 1974 చట్టంతోనే వచ్చింది. మంచిదే. కానీ చాలా తగవులకు 120 రోజుల గడువిచ్చారు చూడండి, ఆ లోపల తేనె అయిపోయి సీసాలో మామిడికాయ పచ్చడి చేరుతుంది.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులదాకా వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. పద్నాలుగు పార్సిళ్లు కొట్లోనే ఉండిపోయాయి. సిగ్నల్ లేదు, కరెంటు లేదు. ముగ్గురు 13.1 పెట్టారు. వరద ఫోటోలు పంపాను, ఓడిపోయాను. ఓడిపోవాల్సిందే. వరద ఎంత నిజమో సరుకు అందకపోవడమూ అంతే నిజం. సిగ్నల్ రాగానే నేనే డబ్బు తిప్పి పంపి ఉంటే పోయేది అసలొక్కటే. తమరి దాకా రానిచ్చినందుకు ఫీజూ పోయింది, పేరూ పోయింది. ఇప్పుడు ఆలస్యం అనిపిస్తే వాళ్లు అడక్కముందే సందేశం పెడతాను, అడిగితే వెంటనే వాపసు చేస్తాను.

2025 జూన్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో భద్రాచలం ఆడవాళ్ల మిల్లెట్ బిస్కెట్ల గురించి, అవి లండన్ దాకా పోవడం గురించి చెప్పినప్పటినుంచి మా చిన్నమ్మ వదలడం లేదు. "మనం కూడా లండన్‌కు పంపుదామారా?" అంటుంది. "పంపుదాం చిన్నమ్మా, ముందు దొరవారి జవాబు రానీ" అంటున్నాను.

కాబట్టి తమరిని కోరేది ఇదే. ధరావతు ఇద్దరిచేతా కట్టించండి. అది కుదరకపోతే మధ్యవాళ్ల దగ్గరైనా ఉంచండి. తాఖీదులో అంకె పక్కన దాని అర్థం తెలుగులో ఒక్క వాక్యం రాయించండి. ఏడు రోజుల గడువును మా సిగ్నల్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి.

ఇట్లు,
ఒకప్పుడు తమరి లెక్కల్లో చెప్పుల కొట్టుగా నమోదైన
తేనెవాడు

జతపరిచినవి: మామ చెట్టుమీద ఉన్న ఫోటో (మళ్లీ). పార్సిల్ రశీదు. తేనె సీసా ఒకటి, ఓటీపీ చెప్పి తీసుకోగలరు. చలికాలంలో చేరితే గడ్డకట్టి ఉంటుంది, 13.3 పెట్టేముందు గోరువెచ్చటి నీళ్లలో ఉంచగలరు.