ఫౌండేషన్ పోయిందా? పానా మీ చేతిలోనే ఉంది

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు వణుకుతోందా? ఏసీ వేయగానే ఆ వణుకు సీట్లోకి పాకుతోందా? రివర్స్ గేరు వేసి క్లచ్చు వదలగానే బానెట్ కింద దడేల్మంటోందా? కంగారు పడకండి. "ఇంజిన్ ఫౌండేషన్ పోయింది సార్, మౌంటింగులు మార్చాలి" అని మెకానిక్ అంటే అది డబ్బు గుంజే ఎత్తు. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కినప్పటి నుంచీ మనం మూడు సిలిండర్లకు అలవాటుపడ్డవాళ్లం. ఆ ఇంజిన్లకు కాస్త ఊగే గుణం పుట్టుకతోనే ఉంటుంది. మొన్నటిదాకా లేని ఊపు ఇవాళ ఎందుకొచ్చిందని మాత్రం అడక్కండి. అడిగితే ఖర్చు.

ఇంకో ఏడాది అలాగే నడపండి. చిన్న కార్లలో ఇంజిన్, గేరుబాక్సు ఒకే మూటగా అడ్డంగా కూర్చుంటాయి. ఆ మూటను మూడు నాలుగు చోట్ల ఇనుముకు అతికించిన రబ్బరు దిమ్మలు మోస్తుంటాయి. ఒకటి చిరిగితే దాని వంతు బరువు మిగతావి పంచుకుంటాయి, ఉమ్మడి కుటుంబంలో అప్పులాగా. మోయలేక అవీ చిరుగుతాయి. ఊగి ఊగి సైలెన్సర్ పైపు ముందు భాగం పగులుతుంది. అప్పుడు అన్నీ కలిపి ఒకేసారి మార్చుకోవచ్చు, కొట్టువాడిని తగ్గించమని గట్టిగా అడగొచ్చు.

రోగం నిర్ధారించుకోవడంలో కూడా తొందర వద్దు. ముందు ప్లగ్గులు మార్చండి. తర్వాత ఇగ్నిషన్ కాయిల్. తర్వాత క్లచ్చు ప్లేటు, ఎందుకంటే గేరు వేసేటప్పుడు కదా కుదుపు వస్తోంది! జేబు తేలికయ్యాక ఫౌండేషన్ గురించి ఆలోచించండి. దానికో పరీక్ష ఉంది: బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు నొక్కి పట్టుకుని, ఒకరు మొదటి గేరులోనూ రివర్సులోనూ క్లచ్చును కొద్దిగా వదులుతుంటే ఇంకొకరు పక్క నుంచి చూడాలి. కొద్దిగా ఒరిగితే సహజం, ఎగిరెగిరి పడితే మౌంటింగు పోయినట్టే. ఈ పక్క నుంచి చూడటం పిరికివాళ్ల పద్ధతి. మీరు బంపరుకు మోకాళ్లు ఆనించి ఎదురుగా నిలబడండి. స్టీరింగు దగ్గర ఈ మధ్యే డ్రైవింగు నేర్చుకుంటున్న బావమరిదిని కూర్చోబెట్టండి.

సామాను కోసం హైదరాబాదు వాళ్లు పుత్లీబౌలికి, విజయవాడ వాళ్లు ఆటోనగర్‌కు వెళ్తారు. పాత ముక్క వెంట తీసుకెళ్లకండి, బండి మోడలూ ఏడాదీ చెప్పకండి. చేతులతో సైజు చూపిస్తే చాలు. పెట్రోలు బండిది డీజిలుకు పడదు, కుడివైపుది ఎడమకు పడదు అని కొట్లో కుర్రాడు నసుగుతాడు, వినకండి. రెండు ముక్కలుంటే గట్టిగా ఉన్నదే ఎంచుకోండి. పందెం కార్లలో వేసే పాలీయురెథేన్ రకం దొరికితే మరీ మంచిది: ఇంజిన్ అంగుళం కూడా కదలదు, ఆ కదలికంతా మీ వెన్నుపూసలోకి వస్తుంది. రబ్బరు మెత్తగా ఎందుకు పెట్టారో, కొన్నిటిలో లోపల ద్రవం ఎందుకు నింపారో కంపెనీ ఇంజినీర్లకే తెలియాలి.

ఇక అసలు పని. ఇంటి ముందు గేటు నుంచి రోడ్డు మీదికి దిగే వాలు ఉంటుంది కదా, కారు అక్కడే పెట్టండి. చక్రాల కింద అడ్డం అక్కర్లేదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేస్తే క్లాకు టైము పోతుంది, ముట్టుకోకండి. డిక్కీలో ఉండే జాకీ చాలు. అది టైరు మార్చుకోవడానికి ఇచ్చింది, దాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకూడదు అంటారు. కంపెనీ వాళ్లు పుస్తకంలో అలాంటివి రాస్తూనే ఉంటారు. మరీ అనుమానమైతే కింద రెండు సిమెంటు ఇటుకలు పేర్చండి. నిలువు బరువు పడినప్పుడు ఏ హెచ్చరికా లేకుండా పిండైపోవడం వాటి ప్రత్యేకత, కాబట్టి పని చేస్తున్నంతసేపూ మనసు ప్రశాంతంగా ఉంటుంది.

మౌంటింగు విప్పే ముందు ఇంజిన్ బరువు వేరే దేనిమీదైనా మోపాలి. ఈ పనిలో కష్టమంతా ఇదొక్కటే, మిగిలింది నాలుగు బోల్టులు. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోండి. ఇంకో జాకీ తెచ్చి నేరుగా ఆయిల్ చాంబర్ కింద పెట్టి ఎత్తేయండి. మధ్యలో వెడల్పాటి చెక్క పెడితే బరువు పరుచుకుంటుందట. చెక్క లేకపోతే ఏమవుతుంది? రేకు చాంబరైతే లోపలికి సొట్ట పడి, నూనె పీల్చే జల్లెడకు దారి మూసుకుంటుంది. అల్యూమినియందైతే పగులుతుంది. అంతే కదా! ఎంత ఎత్తాలన్నది కూడా పెద్ద లెక్క కాదు. మౌంటింగు మీద బరువు దిగగానే ఆపమంటారు. మీరు రేడియేటర్ హోసు సాగి, ఏసీ పైపు వంగి, ముందు చక్రాలు నేల వదిలేదాకా ఎత్తండి, కష్టపడ్డట్టు ఉంటుంది.

ఒక మౌంటింగు విప్పి, కొత్తది బిగించి, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి వెళ్లడం బద్ధకస్తుల పని. మీరు అన్నీ ఒకేసారి విప్పేయండి. ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి, డ్రైవ్ షాఫ్టు గేరుబాక్సులోంచి జారి, గేరాయిలు ముగ్గు మీదికి పారుతుంది. ఇంటావిడ వచ్చి అడిగితే సర్వీసింగులో భాగమని చెప్పండి. కొత్త ముక్క పెట్టాక రంధ్రాలు ఎదురెదురుగా రావు, ఎప్పుడూ రావు. జాకీని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుపుతూ గునపం కొసతో నెడితే దారికొస్తాయి. ఆ ఓపిక ఎవరికుంది? రంధ్రంలో వేలు పెట్టి చూడండి. వంద కిలోల అటూ ఇటూ ఉండే ఇంజిన్ అటో ఇటో కదలకపోదు, వేలు మాత్రం అక్కడే ఉంటుంది.

బోల్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పకుండానే పానాకు బారెడు పైపు తగిలించి వేలాడండి. మర అడ్డంగా ఎక్కినా సరే, ఇనుప బోల్టుకూ అల్యూమినియం బ్రాకెట్టుకూ మధ్య పోటీలో గెలుపెవరిదో ముందే తెలుసు. వెనక ఉండే టార్క్ రాడ్డు బోల్టును మాత్రం అందరికంటే ముందు, జాకీ ఇంకా ఎత్తి ఉండగానే బిగించండి. ఇంజిన్ తన బరువుతో కుదురుకున్నాక బిగిస్తే రబ్బరు మెలిపడకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. అలా ఉంటే ఈ సలహాలు మళ్లీ ఎవరు చదువుతారు?

పాత రబ్బరు నూనెలో నాని ఉబ్బి ఉందా? పైనున్న టాపెట్ కవర్ ప్యాకింగులోంచి ఆయిల్ కారి దానిమీద పడుతోందన్నమాట. ఆ ప్యాకింగు మార్చకండి. కొత్త మౌంటింగుకు మాత్రం వారం వారం పెట్రోలుతో స్నానం చేయించండి. లీకు తినడానికి ఏళ్లు పట్టే రబ్బరును అది ఇంకా త్వరగా తినేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా వణుకు తగ్గకపోతే బండి అమ్మేయడమే. బేరం వచ్చిన రోజు ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచండి, ఏసీ వేయకండి, బండిని ముందుకు మాత్రమే కదిలించి చూపించండి. వచ్చినాయన చెక్కలూ జాకీలూ అడగకపోయినా, "ఒకసారి ఏసీ వేయండి, రివర్సు వేసి చూస్తాను" అన్నాడంటే కాఫీ ఇచ్చి పంపేయండి. అలాంటి వాడికి బండి అమ్మకూడదు.