వాయిదా గిన్నెలు

మా ఇంట్లో అన్నం పారెయ్యం. ఈ విషయంలో అమ్మదీ, మా ఆవిడదీ, నాదీ ఒకటే మాట. ఇంకే విషయంలోనూ మా ముగ్గురిదీ ఒకే మాట అయిన దాఖలా లేదు. అన్నం పరబ్రహ్మ స్వరూపం కదా, పరబ్రహ్మని ఎవరైనా చెత్తబుట్టలో వేస్తారా? అందుకని ఫ్రిజ్జులో పెడతాం. నాలుగైదు రోజులకి ఆయనంతట ఆయనే తీగలు సాగి, నెత్తిన బూజు కిరీటం పెట్టుకుని, పరబ్రహ్మ పదవికి రాజీనామా చేస్తాడు. అప్పుడు పారేస్తాం. మేం పారేసింది అన్నాన్ని కాదు, పాసిపోయినదాన్ని. పాసిపోయినదాన్ని పారెయ్యడం పాపమని ఇంతవరకూ ఏ ప్రవచనంలోనూ వినలేదు.

ఫ్రిజ్జు చల్లగా ఉంచే యంత్రమని అమ్మేవాళ్ళు చెబుతారు. మా ఇంట్లో అది వాయిదాల కోర్టు. మొన్న సోమవారం దాఖలైన దొండకాయ వేపుడు కేసే చూడండి. రాత్రి భోజనాలయ్యాక మూకుట్లో గరిటెడు మిగిలింది. గరిటెడంటే ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. “ఏమండీ, మీరు వేసేసుకుంటే అయిపోతుంది” అంది మా ఆవిడ. కడిగేసుకున్న చెయ్యి చూపించాను. మావాడు సెల్లులోంచి తలెత్తలేదు. ఇక చేసేదేముంది, చిన్న స్టీలు గిన్నెలోకి తీసి, దానికి మూత దొరక్క ఇంకో గిన్నె బోర్లించి, పాల పాకెట్ల వెనకాల పెట్టేశారు.

మంగళవారం గుత్తివంకాయ వచ్చింది. పొగలు కక్కే గుత్తివంకాయ ముందు చల్లటి దొండకాయ పేరెత్తడానికి ఎవరికి నోరొస్తుంది? వాయిదా. బుధవారం ఆ గిన్నెతో పనిపడి వేపుణ్ణి ఇంకా చిన్న గిన్నెలోకి మార్చారు. దాంతో ఎవరూ తినకుండానే కొంత తగ్గినట్టు కనిపించి అందరికీ తృప్తి కలిగింది. గురువారం అమ్మకి ఒంటిపూట. శుక్రవారం బిర్యానీ తెప్పించుకున్నాం. అందులో సగం మిగిలి అదీ లోపలికే వెళ్ళింది. దాని వెంట ఉల్లిపాయ చక్రాలు, రైతా, ఏ ఇంట్లోనూ ఎవరూ పూర్తిచేసి ఎరగని ఆ మిర్చీ కా సాలన్ డబ్బా కూడా. శనివారం మా ఆవిడ దొండకాయ గిన్నె తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. “బాగుందా, పోయిందా?”

ఈ ప్రశ్నకి క్షేమకరమైన జవాబు లేదు. బాగుందంటే నేనే తినాలి. పోయిందంటే, “సోమవారమే తినమన్నానా లేదా?” అన్న దగ్గర మొదలై సంభాషణ మా పెళ్ళిచూపుల దాకా వెళ్తుంది. జలుబు చేసిందన్నాను. ఆదివారం ఉదయం తీర్పు వెలువడింది. తడిచెత్త బుట్టలో వేస్తుంటే అమ్మ కళ్ళకద్దుకుని, “తప్పు నాయనా” అని దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో అడగలేదు.

కొత్తిమీర సంగతి వేరే చెప్పాలి. రైతుబజార్లో పది రూపాయలు పెట్టి కట్ట కొంటాం, పులుసులోకి నాలుగు రెమ్మలు తుంచుతాం, మిగతాది ప్లాస్టిక్ సంచీతో సహా ఫ్రిజ్జు అడుగు అరలో పెడతాం. వారానికి అది ఆకుపచ్చటి కషాయంగా మారి, మూలన ఉన్న సగం నిమ్మకాయని కౌగలించుకుని కనిపిస్తుంది. ఆ కషాయాన్ని తుడిచిన గుడ్డకే ఎక్కువ కొత్తిమీర దక్కి ఉంటుంది.

తెలుగువాళ్ళం మాటల దగ్గర మహా జాగ్రత్తపరులం. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం. అంతటి మర్యాదస్థులం మిగిలిన కూరకి మాత్రం ఒక్క మంచి పేరు పెట్టలేకపోయాం. “నిన్నటిది” అంటాం. ఆ ఒక్క మాటతో దాని ప్రాణం పోతుంది. నిజానికి వయసు సాకు మాత్రమే. ఏడాది కిందటి ఆవకాయని లొట్టలేసుకుంటూ కలుపుకునే మనిషి నిన్నటి బెండకాయని చూసి ముక్కు మూసుకుంటాడు. ఇక నిన్నటి చేపల పులుసు ఉందనుకోండి, అది మిగులు కాదు, పిత్రార్జితం. ఊరేకొద్దీ రుచి పెరుగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి తెల్లవారేసరికి తోక ముక్క కూడా ఉండదు. మావాడు అర్ధరాత్రి చదువుకోవడానికి లేచాడంటే ముందురోజు చేపలు వండినట్టు లెక్క.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం వాళ్ళు 2024లో ఒక లెక్క బయటపెట్టారు. 2022లో లోకమంతా కలిసి వృథా చేసిన తిండి 105 కోట్ల టన్నులట. హోటళ్ళనీ, పెళ్ళిళ్ళ బఫేలనీ తిట్టుకుందామని గొంతు సవరించుకున్నాను. తీరా చదివితే అందులో 60 శాతం ఇళ్ళలోంచేనట. మన దేశంలో ఇళ్ళ లెక్క తలకి ఏడాదికి 55 కిలోలని అంచనా. మా ఇంట్లో నాలుగు తలలు. అంటే రెండు క్వింటాళ్ళ పైమాటే. మా తాతగారి రోజుల్లో అంత ధాన్యం ఇంటికి చేరాలంటే బండి కట్టేవాళ్ళు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ లెక్కలో తొక్కలు, ఎముకలు కూడా కలిపారని చెప్పాను. “అయితే మనకి వర్తించదు. నేను బీరపొట్టు కూడా పారెయ్యను, పచ్చడి చేస్తాను” అంది. చేసిన మాట నిజమే. ఆ పచ్చడి పది రోజులుగా ఫ్రిజ్జులో ఉన్న మాటా నిజమే. 2030కల్లా ఈ వృథాని తలసరి సగానికి తగ్గించాలని సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో దేశాలన్నీ రాసుకున్నాయి. ఏటా సెప్టెంబర్ 29న దీనికోసం ఒక దినం కూడా జరుపుకుంటున్నాయి. అంతేసి దేశాలు వాయిదా వేసుకోగా లేనిది, మా గరిటెడు దొండకాయ ఎంత?

అసలు దొంగ ఫ్రిజ్జు కాదు, గుప్పెడు. కొలత ప్రకారం బియ్యం పోశాక, మా ఆవిడ చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళి ఇంకో గుప్పెడు తెచ్చి వేస్తుంది. “ఎవరైనా వస్తే?” అంటుంది. ఈ అపార్ట్‌మెంట్‌లో మా ఇంటికి ఎవరైనా రావాలంటే ముందు రోజు ఫోను చెయ్యాలి, కింద గేటు దగ్గర పేరు రాయాలి, వాచ్‌మన్ పైకి ఫోను చేసి అడగాలి, లిఫ్టు పనిచెయ్యాలి. పిలవకుండా భోజనం వేళకి వచ్చినవాడు గడిచిన ఏడెనిమిదేళ్ళలో ఒక్కడే. పొరపాటున మా బెల్లు కొట్టిన కొరియర్ కుర్రాడు. అతనూ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ రాని అతిథి కోసం వేసే గుప్పెడు ఎంతుంటుందోనని వంటింటి తక్కెడలో తూచాను. 50 గ్రాములు. ఏడాదికి 18 కిలోలు! అంటే మేము ఏటా ఒక బస్తాలో ముప్పాతిక వంతు బియ్యం అతిథిదేవుడికి నివేదించి, ఆయన రాకపోయేసరికి తడిచెత్త బండికి ఎత్తి పంపిస్తున్నాం. హైదరాబాద్‌లో మా బోయినపల్లి మార్కెట్లో కుళ్ళిన కూరగాయల నుంచి కరెంటు తీస్తున్నారని ప్రధాని కూడా రేడియోలో మెచ్చుకున్నారు. ఇళ్ళ చెత్తకి అంత యోగం అరుదు. గాలాడని గుట్టల్లో అది కుళ్ళి మీథేన్ వదులుతుంది. మన సంస్కారం ఆకాశం దాకా వెళ్ళడమంటే ఇదేనేమో.

అమ్మ వంటిల్లు ఏలిన రోజుల్లో ఈ కోర్టు లేదు, అప్పటికప్పుడే శిక్ష. రాత్రి అన్నం చల్లారగానే కుండలోకి ఎత్తి, నీళ్ళు పోసి, గరిటెడు మజ్జిగ కలిపి మూత పెట్టేది. తెల్లారేసరికి చద్దన్నం. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, ఉప్పు, ఉంటే ఇంత మాగాయ టెంక. ఇడ్లీ పిండి పులిస్తే అట్లు, ఇంకా పులిస్తే పునుగులు. మజ్జిగ పులిస్తే మజ్జిగ పులుసు. అన్నం మరీ ఎక్కువ మిగిలితే జీలకర్ర, కారం కలిపి డాబా మీద వడియాలు. మా ఇంట్లో చెడిపోవడానికి పదార్థాలకి వ్యవధి ఉండేది కాదు.

అమ్మ ఆ మజ్జిగ ఎందుకు కలిపేదో నాకు మొన్నమొన్ననే అర్థమైంది. వండిన అన్నం రాత్రంతా గట్టు మీద వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరగొచ్చు. పేరులోనే సీరియస్ ఉంది. అది వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మజ్జిగ పడి పులుపెక్కితే అలాంటివాటికి బలం తగ్గుతుంది. ఇదంతా వివరిస్తే అమ్మ విని, “చద్దన్నం వేరు, పాసిపోయిన అన్నం వేరు. దీనికి సైన్సు ఎందుకురా, ముక్కు లేదూ?” అంది. మా ఇంట్లో ముక్కుల పరిస్థితి ఆవిడకి తెలియనిది కాదు.

ఆ చద్దికే ఇప్పుడు మంచి రోజులొచ్చాయి. పోతన భాగవతంలో కృష్ణుడంతటివాడు గోపబాలురతో కూచుని చల్దులు ఆరగించాడని చిన్నప్పుడు చదివినా మనం నమ్మలేదు. తెలంగాణలో సద్దిమూట కట్టుకుని పొలం పోయినవాళ్ళని చూసినా నమ్మలేదు. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌చెఫ్ వంటల పోటీ ఫైనల్లో కిశ్వర్ చౌధురి అనే బెంగాలీ అమ్మాయి వాళ్ళ చద్దన్నమైన పాంతాభాత్ వడ్డిస్తే జడ్జీలు ఆహా అన్నారు. అప్పుడు నమ్మాం. ఇప్పుడు చద్దన్నం మట్టి మూకుడులో, పక్కన అరిటాకు ముక్కతో, వందల రూపాయల బిల్లుతో వస్తోంది. మావాడు దాన్ని ఫొటో తీసి పంపించాడు. ఆ పూట ఇంట్లో వాడికోసం వండిన అన్నం మిగిలిపోయింది.

అయితే అమ్మ పొదుపులో ఒక కిటుకుంది. అది నేను నలభై ఏళ్ళు చూసి కూడా చూడలేదు. నాన్నకి వేడన్నం, మాకు పెరుగేసిన చద్దన్నం, అమ్మకి అడుగంటిన మాడు, చివరి గరిటె పులుసు, ఎవరూ ముట్టని నిన్నటి కూర. ఇంట్లో ఏదీ వృథా కాలేదంటే అర్థం, అదంతా ఆవిడ కడుపులోకి వెళ్ళిందని. ఈ పద్ధతికి ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ యంత్రానికి అరవై ఏళ్ళు దాటాక షుగరొచ్చింది. మరమ్మతు బిల్లు మాత్రం నెలనెలా వస్తోంది.

మా ఆవిడ ఆ యంత్రాన్ని నడపనని పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది. బదులుగా పుణ్యమార్గం కనిపెట్టింది. మూడోరోజు పప్పు, నాలుగోరోజు సాంబారు డబ్బాలో పోసి పనమ్మాయికి ఇచ్చేది. ఇచ్చేటప్పుడు మొహంలో దానకర్ణుడి కళ కనిపించేది. ఆ అమ్మాయి కొన్నాళ్ళు మొహమాటపడి, ఓ రోజు డబ్బా కడిగి తెచ్చి గట్టు మీద పెట్టి, “అమ్మా, ఏమనుకోకండి. మా ఇంట్లో కూడా ఫ్రిజ్జుంది” అంది.

ఆ దెబ్బకి నేను రంగంలోకి దిగాను. యూట్యూబ్‌లో మిగిలిన అన్నంతో కట్లెట్లు చేసే విధానం చూశాను. ఇరవై రూపాయల అన్నాన్ని కాపాడటానికి చీజు, బ్రెడ్డు పొడి, అర లీటరు నూనె కొన్నాను. కట్లెట్లు మిగిలాయి. చీజు కూడా మిగిలింది. రెండూ ఎక్కడున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

ఈలోగా మా ఆవిడ మా అమ్మాయికి పురుడు పోయడానికి డల్లాస్ వెళ్ళి ఆరు నెలలు ఉండొచ్చింది. అక్కడ అమ్మాయి ఆదివారం కూచుని వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది, ప్రతి డబ్బాకీ కాగితం టేపు అంటించి తేదీ రాస్తుందట. “వారం రోజుల కూరలు తింటార్రా, ఖర్మ!” అని ఫోన్లో ముక్కు చీదిన మనిషి, తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసులో బాదంపప్పు, పెర్‌ఫ్యూముల మధ్య మూడు టేపు చుట్టలు తెచ్చుకుంది. తేదీ పాతబడకముందే డబ్బా ఖాళీ కావాలి, అంతే పద్ధతి అంది. నాకు బాగా నచ్చింది. ఇన్నాళ్ళకి ఒక విధానమంటూ వచ్చిందని మెచ్చుకున్నాను కూడా. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, “అమ్మాయ్, ఆ మార్కర్ పెన్ను ఇలా ఇవ్వు” అంది. అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

ఆ రాత్రి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్జు తెరిచాను. పై అరలో నాలుగు గిన్నెలు, నాలుగింటికీ శుభ్రంగా అంటించిన టేపు. దేనిమీదా తేదీ లేదు. నాలుగింటి మీదా నా పేరే ఉంది.