మీ మంచితనం ముందు

మాస్టారూ, రసాయన శాస్త్రం చెప్పే పంతుళ్లలో మీ అంత మంచివారు అరుదు. మీ మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇందులో లేనిపోని పొగడ్త ఒక్కటీ లేదు.

ముందు మీ దయ. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో నీటి కాఠిన్యం లెక్కకట్టే కుర్రాడిని తీసుకోండి. ఈడీటీఏ చుక్కచుక్కగా వదలాలి. వైన్ ఎరుపు పోయి నీలం రాగానే ఆపాలి. నీలం వచ్చాక ఇంకో మిల్లీలీటరు వదిలినా ఫ్లాస్కులో నీలమే కనిపిస్తుంది కాబట్టి ఎంత దాటిపోయాడో వాడికి తెలియదు. రీడింగులు 18.7, 19.6, 20.3 వచ్చాయి. మీరు కసురుకోరు. టైమైపోతోంది కదా, ఎందుకు కలవలేదని అడగరు, మళ్లీ చెయ్యమని చెప్పరు. ‘‘రెండు రీడింగులు కలిసేలా రాసెయ్ నాన్నా’’ అంటారు. వాడు 19.6 పక్కన మరో 19.6 వేసుకుంటాడు. సాల్ట్ అనాలిసిస్‌లో సాల్ట్ ఏదో అటెండర్ చెవిలో చెబితే బ్రౌన్ రింగ్ రాకపోయినా వచ్చిందని రాస్తాడు. సీనియర్ రికార్డును మక్కికి మక్కి దించుకొస్తే మీరు సంతకం పెడతారు. పిల్లలు తప్పకూడదన్న తల్లి మనసు మీది. కళ్లకు కనిపించింది వదిలేసి పుస్తకంలో ఉన్నది రాయడం వాడికి ఆ చల్లని నీడలోనే అలవాటైంది.

మీ ఓర్పు ఇంకా గొప్పది. పరిశోధన నీతిని పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో తప్పనిసరి చెయ్యాలని యూజీసీ 2019లో నిర్ణయించింది. రెండు క్రెడిట్లు, 30 గంటలు. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు గడిచేదాకా మీరు ఆ మాట ఎత్తకుండా ఓపిక పట్టారు. అయిదేళ్ల అలవాటును 30 గంటల్లో మాన్పించగలనని నమ్మిన మీ ధైర్యానికి దండం పెట్టాలి.

నియమం పాటించడంలో మీకు మీరే సాటి. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీరు ఆ 10 శాతాన్ని గుండెల్లో పెట్టుకున్నారు. థీసిస్‌లో ఏముందని అడగడం కన్నా ముందు పోలిక చూసే సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఎంత వచ్చిందని అడుగుతారు. విద్యార్థి రాత్రుళ్లు కూర్చుని ‘కలిపాం’ను ‘చేర్చాం’గా, ‘వేడిచేశాం’ను ‘ఉష్ణోగ్రత పెంచాం’గా మార్చి 9 శాతానికి దించుతాడు. మీకు సంతోషం.

ఆ సాఫ్ట్‌వేర్‌కు మాటలే తెలుసు మాస్టారూ. నోట్‌బుక్‌లో 62 శాతం ఉన్న యీల్డ్ థీసిస్‌లో 92 అయితే దానికి పట్టదు. ఎన్ఎంఆర్‌లో 2.05, 4.12 పీపీఎం దగ్గర ఇథైల్ అసిటేట్ శిఖరాలు మిగిలాయంటే ద్రావణి పూర్తిగా పోలేదని అర్థం. వాటిని బొమ్మలో చెరిపేసి, ఆ చోట గీత సాపు చేసి పెడితే పోలిక పెరగదు. మొత్తం ఫలితాన్నే ఊహించి రాస్తే ఎవరితోనూ పోలిక ఉండదు, రిపోర్టులో సున్నా వస్తుంది. ఆ సున్నానే మీరు నిజాయితీ అంటున్నారు.

చివరిది, అన్నిటికన్నా పెద్దది, మీ నమ్మకం. విద్యార్థి తెచ్చిన స్పెక్ట్రమ్‌కు ముడి ఫైలు ఏదని మీరు అడగరు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధకురాలి ఎన్ఎంఆర్ చార్టులను ఆమె గైడ్ ఇలాగే నమ్మారు. ఆ ఫలితాలు తమ చేతిలో రావడం లేదన్న తోటి విద్యార్థులు కొందరు ల్యాబ్ వదిలిపోవాల్సి వచ్చింది. 2006లో ఆ ఫలితాలతో అచ్చయిన వ్యాసాలను వెనక్కి తీసుకున్నారు. అక్షరాలు దిద్దే తెల్ల సిరాతో చార్టులను మార్చారని విచారణలో తేలింది. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యుడొకరు 2004 నుంచి 2007 దాకా వెలువరించిన వ్యాసాల్లో సుమారు 70 చౌర్యమో కల్పితమో అని 2008లో బయటపడింది. ఆ వ్యాసాలన్నీ ఎవరో ఒకరు నమ్మితేనే అచ్చయ్యాయి. నమ్మినవారి మంచితనానికి మూల్యం చెల్లించింది ఎవరు? అదే విభాగంలో నిజంగా కష్టపడి పట్టా తెచ్చుకున్న పిల్లలు. వాళ్ల ఫలితాలను కూడా జనం అనుమానంగా చూశారంటే తప్పెవరిది?

మీరు చెడ్డవారైతే ఇన్ని మాటలు అవసరం ఉండేది కాదు. మీ మాట పిల్లలు వింటారు కనుకే అడుగుతున్నాను. రీడింగులు కలవనప్పుడు కారణం రెండు వాక్యాల్లో రాయించి, ఆ వాక్యాలకు మార్కులు వెయ్యండి. ల్యాబ్ నోట్‌బుక్‌కు పేజీ నంబర్లు వేయించి పెన్నుతోనే రాయించండి. పొరపాటు పడితే చెరపకుండా, కిందిది చదవగలిగేలా ఒక్క గీత కొట్టించండి. థీసిస్ మీద సంతకం పెట్టే ముందు ఏ ఒక్క కాంపౌండ్‌కైనా ముడి ఫైలు మీ ఎదుట తెరిపించండి. రాని ప్రయోగం రాలేదని రాసిన విద్యార్థిని పదిమందిలో మెచ్చుకోండి. రాత నేర్పడమన్నా, నీతి నేర్పడమన్నా ఇదే. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మీరు కావాలి.