మా రోజుల్లో నిప్పుకి కొలత ఉండేది

మా తమ్ముడి కొడుకు ఒక ఆట రాశాడు. రాశాడంటే ఆషామాషీగా కాదు, 64 పేజీలు. నాలుగు రాజ్యాలు, నాలుగువేల ఏళ్ల చరిత్ర, రాజ్యానికో జెండా, జెండాకో పాట. "పెదనాన్నా, డీ అండ్ డీలో పంచభూతాల మీద క్యాంపెయిన్ చేస్తున్నా. నువ్వు ఒకప్పుడు ఆడేవాడివటగా, ఓసారి చూసిపెట్టు" అని టాబ్లెట్ నా ఒళ్లో పడేసి కాఫీకి వెళ్లాడు. పంచభూతాలంటూనే నాలుగే లెక్కపెట్టాడు, అది గమనించారా!

చూశాను. అగ్ని రాజ్యం వాళ్లది ఎర్ర జుట్టు, ముక్కు మీద కోపం. జల రాజ్యం వాళ్లు నీలం బట్టలు కట్టుకుని నెమ్మదిగా మాట్లాడతారు. బొమ్మలన్నీ కంప్యూటరే గీసిపెట్టిందట, కళ్లు చెదిరేలా ఉన్నాయి. కానీ అగ్ని రాజ్యానికి కట్టెలు ఎక్కణ్ణించి వస్తాయో ఎక్కడా లేదు. జల రాజ్యంలో దాహమేసినవాడు ఒక్కడూ లేడు. ఈ రాజ్యం పేరు తీసి ఆ రాజ్యానికి పెట్టి, రంగు మార్చేస్తే చాలు, 64 పేజీల్లో ఒక్క వాక్యం కూడా కదపక్కర్లేదు.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు.

1984లో ఎమ్మెస్ చదవడానికి విస్కాన్సిన్ వెళ్లాను. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఆటని 1974లో అచ్చేసింది ఆ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచే. నాకప్పుడు అవేమీ తెలీవు. బయట మోకాలిలోతు మంచు, లోపల నా రూమ్మేట్ ఒక ఎర్ర డబ్బా మూత తీసి, పాచికలతో పాటు ఒక మైనపు క్రేయాన్ నా చేతిలో పెట్టాడు. పాచికల మీద అంకెలు గుంటలుగా ఉండేవి, రంగు మనమే దిద్దుకోవాలి. క్రేయాన్ రుద్ది, పైన మిగిలిన మైనం గుడ్డతో తుడిచేస్తే అప్పుడు అంకె పైకి తేలేది. ఇప్పటివాళ్లు ఫోన్ మీద వేలు పెడితే పాచిక దానంతటదే దొర్లుతుంది. చప్పుడు కూడా అదే చేసుకుంటుంది.

సరే, పాచికల గొడవ పక్కన పెడదాం. నా బాధ నిప్పు గురించి.

అప్పటి అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ పుస్తకాల్లో ఫైర్‌బాల్ అనే మంత్రానికి ఘనపరిమాణం ఉండేది. మైదానంలో వేస్తే 20 అడుగుల వ్యాసార్ధం ఉన్న నిప్పుబంతి. ఇరుకులో వేస్తే? ఆ నిప్పంతా ఎక్కడికో అక్కడికి పోవాలిగా! సుమారు 33,000 ఘనపుటడుగులు, ఖాళీ ఎటుంటే అటు పాకేది. మా మంత్రగాడు ఫార్మసీ చదివే కుర్రాడు, చదువులో దిట్ట. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో, 60 అడుగుల దూరంలో గాబ్లిన్‌లు కనపడగానే మంత్రం వేసేశాడు. ఆట నడిపే డీఎం ఏమీ అనలేదు. నింపాదిగా గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపడం మొదలెట్టాడు. గడికి పది అడుగులు, మొత్తం 33 గళ్లు. అటు పదహారు, ఇటు పదహారు. మేం ఆరో గడిలో ఉన్నాం. పెన్సిల్ మా గడి దాటి వెనక్కి వెళుతుంటే ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. పైగా ఆ నిప్పుకి బంగారం, వెండి లాంటి మెత్తటి లోహాలు కరిగిపోతాయని కూడా పుస్తకంలో ఉంది. రెండు నెలలు తిరిగి సంపాదించిన వెండి నాణేలన్నీ ముద్దయిపోయాయి. బతికి బయటపడ్డ ఇద్దరూ ఆ ముద్దని మోసుకుంటూ ఊళ్లోకి వచ్చారు.

ఇప్పుడు సొరంగమైనా సంతమైదానమైనా ఫైర్‌బాల్ 20 అడుగుల దగ్గర ఆగుతుంది. తెర మీద ఎర్రటి వలయం పడుతుంది, అందులో ఉన్నవాడు కాలతాడు, గీతకి అటున్నవాడు చేతులు కట్టుకుని చూస్తాడు. అప్పట్లో మెరుపు గోడకి తగిలి తిరిగొచ్చి వేసినవాణ్ణే కొట్టేది. ఇప్పుడది నూరడుగులు వెళ్లి బుద్ధిగా ఆగిపోతుంది.

భూతాన్ని పిలవడం కూడా అంతే. నిప్పు భూతానికి గంధకమూ ఫాస్ఫరసూ, భూమికి మెత్తటి బంకమట్టి, గాలికి ధూపం, నీటికి నీళ్లూ ఇసుకా సిద్ధం చేసుకోవాలి. పిలిచాక ధ్యాస చెదిరిందా, పిలిచినవాడి మీదకే వచ్చేది. ధ్యాస చెదరకపోయినా రెండో రౌండు నుంచి ప్రతిసారీ నూటికి అయిదు పాళ్లు ఎదురుతిరిగే అవకాశం. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ధ్యాస చెదిరితే తిరగబడే గుణమైనా ఉండేది. 2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అదీ పోయింది. ధ్యాస పోతే భూతం మాయమవుతుంది, అయిదు కొట్టగానే సంచీ సర్దుకునే గుమాస్తాలాగా.

మా రోజుల్లో అంతా బంగారమే అని నేనననులెండి. హోమ్లెట్ అనే పల్లెటూరి కథ 1979లో వేశారు. దాని పక్కనే ఉందన్న పాడుబడ్డ గుడి పుస్తకం, 'ది టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్', వచ్చేసరికి 1985. ఆరేళ్లు! తీరా లోపలికి వెళ్తే నాలుగు భూతాల పేరు చెప్పి అక్కడ బందీగా కూర్చున్నది పుట్టగొడుగుల రాక్షసి. ఆ గుడి నుంచి వెళ్లే భూతాల లోకాల్లో ఏముందో చాలావరకు మమ్మల్నే రాసుకోమని వదిలేశారు. డబ్బులు పోసి కొన్న పుస్తకంలో ఖాళీలేమిటని తిట్టుకున్నాం. ఆ ఖాళీల్లో నేను రాసుకున్నదే నా మొదటి క్యాంపెయిన్.

నాలుగు భూతాలు గ్రీకు ఎంపెడోక్లీజ్ లెక్క. మనది అయిదు. "అయిదోదానితో ఎంత దెబ్బ తగులుతుంది?" అని అడిగాడు రూమ్మేట్. అసలు తగలదురా అన్నాను. మా నాన్నగారు చెప్పిన తైత్తిరీయోపనిషత్తు వరస గుర్తొచ్చింది: ఆకాశంలోంచి వాయువు, వాయువులోంచి అగ్ని, దాన్నించి నీరు, నీటినించి భూమి. ఆకాశానికి శబ్దం ఒక్కటే గుణం, తర్వాత ఒక్కో భూతానికీ ఒక్కో గుణం కలుస్తూ పోతుంది. దాన్నే నియమం చేసేశాను. ఆకాశ మంత్రం వినపడుతుంది, అంతే. గాలి ఒంటికి తగులుతుంది కూడా. నిప్పు కనపడుతుంది. నీటి మంత్రానికి నాలుక మీద రుచి తేలుతుంది. భూమి మంత్రానికి వాసన. చీకట్లో నిలబడ్డ ప్లేయర్లకి తొలకరి వాసన వచ్చిందని చెబితే చాలు, నలుగురూ కత్తులు దూసేవాళ్లు. శ్రీకాళహస్తి గర్భగుడిలో గాలి చొరబడని చోట దీపం రెపరెపలాడుతుందంటారే, ఆ దీపాన్ని కూడా తీసుకెళ్లి ఒక గుహలో పెట్టాను. దాన్ని చూశాక రూమ్మేట్ మళ్లీ దెబ్బల లెక్క అడగలేదు.

కథంతా ఒక చెరువు చుట్టూ. నీటి మాంత్రికుడు ఎవరో కాదు, ఆ ఊరి నీరటి. తూము తెరిచేదీ మూసేదీ అతనే. కింద ఆయకట్టు ఎండుతుంటే అతనికి వేరే మంత్రమెందుకు?

ఇదంతా మావాడికి చెబితే, "ఇది అవతార్ స్టైల్ పెదనాన్నా" అన్నాడు. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' నేనూ చూశానురా, ఒక్క భాగం వదలకుండా. వాళ్లు నీటికి తైచీ, నిప్పుకి ఉత్తర షావోలిన్, ఇలా భూతానికో చైనా యుద్ధవిద్య వెతికి పెట్టారు. ఎవరు కాలు కదిపినా అది ఏ భూతమో తెలుస్తుంది. నువ్వు రంగులు మాత్రం ఎత్తుకొచ్చావు అన్నాను. మొహం ముడుచుకుని టాబ్లెట్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ కాఫీ కూడా తాగలేదు. మా మరదలు నా వంక ఒక చూపు చూసింది.

నాలుగు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్. నిద్రమత్తులో ఎవరికేమైందోనని హడలిపోయాను.

"పెదనాన్నా, చెరువు కట్ట తెగితే నీళ్లు ముందు ఏ వీధిలోకొస్తాయి?"

"అలుగు ఏ పక్కనుంది?"

"అలుగంటే?"

లేచి కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, "పెన్సిలుందా?" అని అడిగాను.